మూడు చూసినవి, రెండు విన్నవి, ఒకటి తాకినది

బాయిలర్ గది
ఫిబ్రవరి 12, బుధవారం

అక్కకు,

ఫోను చేయకుండా ఉత్తరం ఏమిటని అనుకోకు. ఫోను మోగితే నాకు ఒళ్లు జలదరిస్తోంది. దాని మోతకూ బాయిలర్‌లో నీళ్లు తగ్గితే మోగే మా అలారం మోతకూ పెద్ద తేడా లేదు. రెండు వారాల క్రితం దాన్ని ఆపేసి పెట్టెలో బట్టల కింద పెట్టాను.

పోయిన నెల ఇరవయ్యో తేదీ ఉదయం, లాండ్రీకి ఆవిరి పంపే పెద్ద గొట్టం అతుకు దగ్గర పగిలింది. క్షణంలో గదంతా ఆవిరి తెల్లగా కమ్ముకుపోయింది. ఆ చప్పుడు ఎలా చెప్పాలో తెలియడం లేదు. చెవిలో నోరు పెట్టి ఎవరో అరుస్తున్నట్టే ఉంది. నేను చేయవలసింది ఒక్కటే. నాలుగడుగులు వేసి పెద్ద వాల్వు మూయాలి. పదకొండేళ్లుగా ఆ పని కోసమే నన్ను అక్కడ పెట్టుకున్నారు. నేను బయటికి పరుగెత్తాను. మా మేస్త్రి లోపలికి పోయి మూశాడు. ఆయన మోచేయి కాలింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

అప్పటి నుంచి గదిలోకి పోతే గుండె దడదడలాడుతుంది. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతుంది. ఒకసారి నా పని అయిపోయిందనుకుని నేల మీద చతికిలబడ్డాను. ఆసుపత్రిలో గుండె పరీక్ష చేసి బాగానే ఉందన్నారు. బాగున్న గుండె ఇలా కొట్టుకుంటే బాగాలేనిది ఎలా కొట్టుకుంటుందో.

మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉంది. ఆయనకు ముందు పన్ను లేదు, మాట్లాడితే మాటతోపాటు ఈల వస్తుంది. అందరూ ఈల మేస్త్రి అంటారు. "పోయినోడివి తిరిగొచ్చావుగా, చాల్లే" అని మాత్రం అన్నాడు.

మీ పనిచోట ఏదో క్లాసు పెట్టారని, ఊపిరి చూసుకోవడం నేర్పుతున్నారని పోయినసారి చెప్పావు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వే స్థితిలో లేను. అదేమిటో రాయి.

తమ్ముడు

*

ఇల్లు
ఫిబ్రవరి 23, ఆదివారం, ఉదయం తొమ్మిది

చెవులపిల్లికి,

చిన్నప్పుడు పళ్లెం కిందపడితే మంచం కిందికి దూరేవాడివి. అందుకే ఆ పేరు పెట్టాను. ఇప్పుడు ఆ పేరుతో పిలుస్తున్నది ఎగతాళికి కాదు. నువ్వు పరుగెత్తినందుకు నాకు సంతోషం. కాలితే ఏం చేసేదాన్ని? అమ్మ పోయాక మిగిలింది మనిద్దరమే.

క్లాసు చెప్పే ఆవిడ ఒకప్పుడు నర్సు. దీన్ని ఎరుక అంటుంది. ఇందులో మంత్రాలు లేవు. ఉన్నచోట ఉండటం, అంతే. ఆలోచన వస్తే తరమకూడదు. అలాగని కూర్చోబెట్టి మర్యాదలూ చేయకూడదు. వచ్చింది, చూశాను, పోతోంది అనుకోవాలి. రానివ్వు, పోనివ్వు. ఆవిడ నోట ఎప్పుడూ అదే మాట.

నీకొక పద్ధతి చెబుతాను. ఉత్తరం మొదలుపెట్టే ముందు కళ్లెదుట ఉన్నవి మూడు, చెవిన పడేవి రెండు, చేతికి తగిలేది ఒకటి రాయి. నిజంగా ఉన్నవే రాయాలి. నిన్నటివి, ఊహించినవి పనికిరావు. నేనూ రాస్తాను. ఇద్దరం ఒకరికొకరం కాపలా.

చూసినవి: మడతపెట్టిన నా పని కోటు, కిటికీ మీద ఎండ, సగం తాగిన గ్లాసు. విన్నవి: కింద ఇంటివాళ్ల రేడియో, కుళాయి చుక్క. తాకినది: కుర్చీ చేయి, నున్నగా.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. రక్తనిధిలో నా పని చీటీలు చూడటమే కదా. సంచి మీద గ్రూపు, నంబరు, కోరిన కాగితం మీద పేరు, మూడూ కలవాలి. చలికాలంలో ఒకరోజు రెండు సంచుల చీటీలు తారుమారు అయ్యాయి. అతికించింది నేనే. రక్తం ఎక్కించే ముందు వార్డు నర్సు చూసి వెనక్కి పంపింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు ఒక్కో చీటీని పదిసార్లు చూసేదాన్ని. క్లాసు వల్ల అది పోయింది. ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాను. నీకూ పోతుంది.

అక్క

*

బాయిలర్ గది
మార్చి 6, గురువారం, పది గంటలు

అక్కకు,

చూసినవి: పసుపు రంగు పూసిన గొట్టం, గోడకు తగిలించిన ఇసుక బకెట్, మేస్త్రి చెప్పులు, వాటిలో ఒకటి బోర్లా పడి ఉంది. విన్నవి: మేస్త్రి ఈల, నీళ్లు పారే చప్పుడు. తాకినది: కూర్చున్న ఇనుప బల్ల. చల్లగా ఉంది.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. గదిలోనే కూర్చుని రాస్తున్నాను. భయం చాలా తగ్గింది. నిన్న కళ్లు మూసుకుని ఊపిరి చూసుకుంటుంటే మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏంట్రా, తుమ్మొస్తోందా?"

"కాదు మేస్త్రీ, ఊపిరి చూసుకుంటున్నా."

"చూసుకో, చూసుకో. ఇన్నాళ్లూ నువ్వు చూడకపోయినా పాపం దానంతట అదే వచ్చిపోయింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మోచేతికి ఇంకా కట్టు ఉంది. కట్టు మార్చుకునేటప్పుడు నాకు కనపడకుండా అటు తిరుగుతాడు.

నీ గురించి ఏమీ రాయలేదు. పని ఎలా ఉంది?

తమ్ముడు

*

ఇల్లు
మార్చి 18, మంగళవారం, ఉదయం పదకొండు

దొంగకు,

చూసినవి: కప్పు మీద గోధుమరంగు మచ్చ, కిటికీ తెర, తలుపు కింద వెలుతురు గీత. విన్నవి: కుళాయి చుక్క, మెట్ల మీద ఎవరివో అడుగులు. తాకినది: నా మణికట్టు, నాడి కొట్టుకుంటోంది.

బాయిలర్ పక్కన ఇనుప బల్ల చల్లగా ఎలా ఉందిరా? నిప్పుల పక్కన వెన్నముద్ద కరగలేదన్నట్టుంది నీ కథ. నువ్వు ఆ గదిలో లేవు. ఎక్కడున్నావో రాయి. నాకు కోపం లేదు. ఉత్తరంలో ఎన్ని అబద్ధాలైనా చెప్పు, జాబితాలో మాత్రం చెప్పకు. అదీ అబద్ధమైతే పట్టుకోవడానికి మనకు ఇంకేమీ మిగలదు.

పని బాగానే ఉంది. నేను రోజూ సాధన చేస్తున్నాను. మొదట్లో పావుగంట కూర్చునేదాన్ని, తర్వాత గంట. ఇప్పుడు గడియారం చూడటం లేదు. కూర్చున్నంతసేపూ ఏ తప్పూ జరగదు. ఎంత తేలికైన సంగతో చూడు, ఇన్నాళ్లూ తెలియలేదు.

అక్క

*

తొట్ల షెడ్డు
మార్చి 28, శుక్రవారం, మూడు గంటలు

అక్కకు,

చూసినవి: రేకుల గోడ, ఉప్పు బస్తాలు, తొట్టిలో నా ముఖం. విన్నవి: గోడ అవతల బాయిలర్ హోరు, నా పళ్లు కొట్టుకునే చప్పుడు. తాకినది: అదే చల్లటి బల్ల.

నువ్వన్నది నిజం. ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి నేను గదిలో పని చేయడం లేదు. బాయిలర్‌లోకి పోయే నీళ్లను శుభ్రం చేసే తొట్లు ఇక్కడ ఉన్నాయి. మేస్త్రి నన్ను వీటి దగ్గర కూర్చోబెట్టి నా పని తనే చేస్తున్నాడు. పైవాళ్లకు చెప్పలేదు. ఎన్నాళ్లని దాస్తాడు? నెల తిరిగేలోపు లోపలికి రాకపోతే ఇంకొకరిని తీసుకోక తప్పదన్నాడు. ఇంకో పని నాకు చేతకాదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయనకు చూపించాను. చదివి, చేయి పట్టుకుని తలుపు దాకా తీసుకుపోయాడు.

"మేస్త్రీ, మళ్లీ పారిపోతే?"

"పారిపోదువుగాని. తలుపు తీసే ఉందిగా. ముందు మీ అక్క చెప్పింది చెయ్యి. ఏం కనపడుతోంది?"

మంట కనపడే కిటికీ అన్నాను. నీటి మట్టం గాజు అన్నాను. మూడోది నోట రాలేదు. "మూడోది నేనేరా, కనపడటం లేదా?" అన్నాడు. అలా నాలుగు నిమిషాలు నిలబడ్డాను. ఊపిరి ఒక్కటి మాత్రం కడుపు దాకా పోయింది. తర్వాత బయటికి వచ్చి వాంతి చేసుకున్నాను. మర్నాడు ఆరు నిమిషాలు. నీ పద్ధతి వల్ల భయం పోలేదు. కాకపోతే భయం ఒక పక్క, నేను ఒక పక్క నిలబడగలిగాం. అది చాలా పెద్ద సంగతి నాకు.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. మంగళవారం పదకొండు గంటలప్పుడు నువ్వు ఇంట్లో ఎందుకున్నావు?

తమ్ముడు

*

ఇల్లు
ఏప్రిల్ 10, గురువారం, మధ్యాహ్నం రెండు

తమ్ముడికి,

చూసినవి: మచ్చ, తెర, తలుపు కింద వెలుతురు. విన్నవి: కుళాయి, అడుగులు. అడుగులు నా తలుపు ముందు ఆగాయి. తాకినది: ఏమీ లేదు.

షిఫ్టు మార్చారు, అంతే. అనుమానం పెనుభూతం అంటారు. నువ్వు ఆరు నిమిషాలు నిలబడ్డావని చదివి సంతోషించాను. ఆ సంగతి చూసుకో.

నేను బాగున్నాను. ఒక్కోసారి పూటంతా ఏ ఆలోచనా రాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. నేను ఏదీ తాకకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఇది భయంతో అంటున్న మాట కాదు, చూసి తెలుసుకున్నది.

నా గురించి ఆలోచన వస్తే రానివ్వు, పోనివ్వు.

అక్క

*

తొట్ల షెడ్డు
ఏప్రిల్ 16, బుధవారం

అక్కకు,

ఈసారి జాబితా లేదు. నీ ఉత్తరం చదివాక జాబితా రాయబుద్ధి కాలేదు.

అన్ని ఉత్తరాలూ తొట్టి గట్టు మీద వరసగా పరిచి చూశాను. ఆదివారం నాటి ఉత్తరంలో కోటు ఉంది, ఎండ ఉంది, గ్లాసు ఉంది. తర్వాత రెండింట్లో మచ్చ, తెర, తలుపు కింద వెలుతురు, అంతే. వారాలు మారినా అవే. రెండూ పనిరోజులే, పనివేళలే. మొదట తాకింది కుర్చీని. తర్వాత నీ మణికట్టును. చివరికి ఏమీ లేదన్నావు. పెన్ను పట్టుకోకుండా ఎలా రాశావే? పెన్ను పట్టుకున్నానని రాయడానికి కూడా భయపడ్డావా? కవరు మీద నా చిరునామా ఒకే అక్షరాల మీద ఎన్నిసార్లు దిద్దావో, కాగితం చిరిగి లోపలి ఉత్తరం కనపడుతోంది.

జాబితాలో అబద్ధం చెప్పొద్దని నువ్వే అన్నావు. నువ్వు చెప్పలేదు. అందుకే దొరికిపోయావు.

బట్టల కింద నుంచి ఫోను తీశాను. నీ నంబరు పలకలేదు. రక్తనిధికి చేశాను. అక్కడ మీ పనులు చూసే పెద్దావిడ ఎత్తింది.

"నువ్వెవరు బాబూ?"

"చీటీలు చూసే ఆమె తమ్ముణ్ణండీ."

"తను సెలవు పెట్టి ఏడు వారాలైంది. నీకు తెలీదా?"

"తెలీదండీ."

"నేను మూడుసార్లు వెళ్లొచ్చాను. తలుపు కొడితే, 'బాగానే ఉన్నాను, సాధనలో ఉన్నాను' అంటుంది. సాధనలో ఉన్న మనిషిని ఏమని లేపుతాం చెప్పు?"

క్లాసు ఆవిడ సంగతి అడిగాను. రోజుకు ఇరవై నిమిషాలకు మించొద్దని, దీనితో తగ్గకపోతే మనసు డాక్టరు దగ్గరికి పొమ్మని ఆవిడ మొదటి రోజే అందరికీ చెప్పిందట. నీకు డాక్టరు పేరు కాగితం మీద రాసి కూడా ఇచ్చిందట. ఆ మాటలు నాకు రాయలేదు నువ్వు. సగం మందు నాకు పోసి, మిగతా సగం పారబోశావు.

మా బాయిలర్‌కు నీటి మట్టం చూసే గాజు ఉంటుంది. నీళ్లు సగం దాకా ఉంటే గీత కనపడుతుంది. పూర్తిగా నిండితే గీత ఉండదు. పూర్తిగా ఎండినా గీత ఉండదు. రెండూ చూడటానికి ఒకటే. పనిలో కొత్తవాళ్లు ఎండిన గాజును చూసి నిండుగా ఉందని వెళ్లిపోతారు. కింద మంట మండుతూనే ఉంటుంది. ప్రశాంతంగా ఉన్నానని నువ్వు రాస్తే నేను అలాగే చదివి మడిచి పెట్టాను. పదకొండేళ్ల అనుభవం ఉండి కూడా.

పోనివ్వమన్నావు. ఈ ఆలోచనను పోనివ్వను. పోనివ్వాల్సినవి వేరే ఉంటాయి.

అందిన వెంటనే జవాబు రాయి. ఒక్క ముక్క చాలు. పై శుక్రవారం దాకా చూస్తాను. రాకపోతే శనివారం నేనే వస్తాను. మూసిన బస్సులో మూడు గంటలు. తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి.

తమ్ముడు

*

మెట్ల మీద, నీ తలుపు ముందు
ఏప్రిల్ 26, శనివారం, ఉదయం పదకొండున్నర

అక్కకు,

నేనే. ఇందాక కొట్టింది నేనే. నువ్వు పలకలేదు. నేను కూడా గట్టిగా పిలవలేకపోయాను. అందుకే రాసి తలుపు కింద నుంచి తోస్తున్నాను.

బస్సులో తలుపు పక్కనే నిలబడి వచ్చాను. రెండుసార్లు దిగిపోయాను. మళ్లీ వెనక వచ్చిన బస్సు ఎక్కాను. డ్రైవరు ఒకాయన, "సీటుంది కదయ్యా, టికెట్టు నిలబడటానికే కొన్నావా?" అన్నాడు.

కింద ఇంటావిడ చెప్పింది. నువ్వు తలుపు కింద నుంచి తోసిన ఉత్తరాలు ఇన్నాళ్లూ పోస్టు డబ్బాలో వేసింది ఆవిడేనట. రొట్టె గడప దగ్గర పెడితే, ఆవిడ మెట్లు దిగాక తీసుకుంటావట. నిన్న పెట్టిన రొట్టె ఇక్కడే ఉంది. చీమలు పట్టాయి.

కానీ ఇప్పుడే లోపల కుళాయి తిప్పిన చప్పుడు విన్నాను. నువ్వు ఉన్నావు. అది చాలు. మెట్ల మీద కూర్చుండిపోయాను.

తలుపు పగలగొట్టేవాణ్ణి పిలుస్తామని కింద వాళ్లాయన అంటున్నాడు. ఆ చప్పుడు నువ్వు తట్టుకోలేవు. నేనూ తట్టుకోలేను. కాసేపు ఆగమన్నాను. ఎక్కువసేపు ఆపలేను, అది కూడా చెబుతున్నాను. తిండి లేకుండా నిన్ను లోపల వదిలిపెట్టి మర్యాదగా కూర్చోను.

మీ పెద్దావిడను అడిగి డాక్టరు చిరునామా తీసుకున్నాను. ఇద్దరం పోదాం. ఎవరో ఒకరు ముందు భయపడితే రెండోవాళ్లు చేయి పట్టుకోవచ్చు. నేను బాయిలర్ గదిలో అరగంట నిలబడేదాకా వచ్చి ఆగిపోయాను. నాక్కూడా ఆయనతో పని ఉంది.

నువ్వు అతికించిన చీటీలు రెండు తారుమారయ్యాయి. వేలకు వేలు తప్పలేదు. ఆ మాట పెద్దావిడది, నాది కాదు.

ఈసారి నేను పరుగెత్తను. ఈ కాగితం వెనక ఖాళీ ఉంది, రాయి.

తమ్ముడు

*

తలుపుకు ఇవతల

తమ్ముడికి,

నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా.

నీ ఉత్తరం వచ్చింది. విప్పలేదు. విప్పితే ఏదైనా జరుగుతుందనిపించింది. ఈ కాగితానికి కవరు లేదు కాబట్టి చదివాను. పెన్నును బట్టతో పట్టుకుని రాస్తున్నాను. రొట్టె కోసం తలుపు పిడిని కూడా అలాగే పట్టుకునేదాన్ని. నిన్నటి నుంచి అదీ చేతకావడం లేదు. ఆకలి వేస్తోంది.

పగలగొట్టేవాణ్ణి పిలవనివ్వకు. గడియ వేయలేదు. వేస్తే ఎన్నిసార్లు లేచి చూసుకోవాలోనని మూడు వారాలుగా వేయడం మానేశాను. ఎవరూ తోసి చూడలేదు.

నేను గోడ వైపు జరిగాను. నెమ్మదిగా తోయి.

అక్క